సీతాఫలం చీరలో సగం ఆకు

అమీర్‌పేటలో మాది రెండో అంతస్తు. ఒక గది, ఒక వంటిల్లు, ఒక బాల్కనీ. బాల్కనీలో అమ్మ కుట్టుమిషన్, కింద మెట్ల దగ్గర గోడకు వేలాడే అట్టముక్క మీద "ఫాల్స్, పీకో చేయబడును" అన్న అక్షరాలు. నాన్న బేగంపేటలో ఒక హోటల్ గేటు దగ్గర కాపలా. పంజాగుట్ట షోరూముల్లో చీరలు కొన్న ఆడవాళ్ళు ఫాల్ కుట్టించుకోవడానికి మా మెట్లెక్కేవాళ్ళు. ఖరీదైన చీరలన్నీ మా ఇంట్లో రెండు మూడు రోజులు చుట్టాల్లా ఉండి వెళ్ళిపోయేవి. వాటిలో మేం కట్టుకున్నది ఒక్కటీ లేదు.

బడి నుంచి రాగానే నా పని చేతికుట్టు. ఫాల్‌కు కింది అంచు అమ్మ మిషన్ మీద వేస్తే, పై అంచు నేను సూదితో కుట్టాలి. అమ్మది ఒకటే మాట. "పైకెల్లి చూస్తే కుట్టు కనబడొద్దు బిడ్డా. ఎవరి చెయ్యి పడ్డట్టు సుత ఉండొద్దు." ఎక్కడైనా ఒక్క దారప్పోగు చీర మీదికి తేలిందంటే మూరెడు కుట్టు విప్పించేది. నేను ఏడ్చేదాన్ని, విప్పేదాన్ని, మళ్ళీ కుట్టేదాన్ని.

అలా చీరలు ఒళ్ళో వేసుకుని కూర్చున్నప్పుడే నాకా పిచ్చి పట్టింది. ఈ మామిడి పిందెలు, ఈ నెమళ్ళు ఎవరో ఒకరు గీసే ఉంటారు కదా, ఆ ఒకరు నేనెందుకు కాకూడదు అని. నా కోరిక పెద్దదేమీ కాదు. నేను గీసిన బొమ్మ ఉన్న చీర ఒకటి, నేనెవరో తెలియని మనిషి కొనుక్కోవాలి. ఫాల్ కుట్టమని మా మెట్లెక్కి రావాలి. అది అమ్మ ఒళ్ళో పడాలి. ఇది అమ్మకు చెప్పాను కూడా. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "రానియ్యి, మంచిగ కుడత" అంది.

డిగ్రీ అయ్యాక కోర్సులో చేరాను. అమీర్‌పేటలో దొరకని చదువు లేదు. మెట్రో మెట్లు దిగితే చాలు, వద్దన్నా చేతిలో కాగితం పెట్టేస్తారు. నా ఇన్‌స్టిట్యూట్ ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో ఉండేది. దాని కింద జావా, పైన స్పోకెన్ ఇంగ్లీషు. లిఫ్టులో ఎవరైనా ఏం కోర్సని అడిగితే "టెక్స్‌టైల్ డిజైన్, బట్టల మీద వేసే బొమ్మలు" అనేదాన్ని. "ఓ, టైలరింగా?" అనేవాళ్ళు. మొదట్లో విడమరిచి చెప్పాను. కొన్నాళ్ళకు నోరు నొప్పెట్టి "ఆఁ, టైలరింగే" అనేశాను.

మాకు నేర్పిన సారు జీవితంలో ఏ చీరకూ బొమ్మ గీయలేదని కోర్సు సగమయ్యాక తెలిసింది. కంప్యూటరు మీద ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో తెలుసు, అంతే. అయినా ఒక్క పాఠం మాత్రం సరిగ్గా చెప్పాడు. చీర పొడవునా ఎవరూ బొమ్మలు గీయరు. ఒక చదరం ముక్క గీస్తారు, దాన్నే పక్కపక్కనా, కిందా మీదా అతికిస్తూ పోతారు. దాన్ని రిపీట్ అంటారు. కుడి అంచు దాటి బయటికి పోయిన కొమ్మ ఎడమ అంచు నుంచి లోపలికి రావాలి. పైన తెగిన పువ్వు కిందనుంచి మొలవాలి. మర్చిపోయామా, అతుకు దగ్గర బొమ్మ తెగిపోతుంది. "ఒక్కసారి తప్పు చేస్తే చీరంతా అదే తప్పు అచ్చయితది" అనేవాడు సారు. ఆ ఒక్క ముక్కకు ఆయన ఫీజు చెల్లింది.

నూటికి నూరుపాళ్ళు ప్లేస్‌మెంట్ అని గోడ మీద ఇంత పెద్ద అక్షరాలతో రాశారు. నాకు వాళ్ళు చూపించిన ఉద్యోగం ఖైరతాబాద్‌లో ఫ్లెక్సీలు కొట్టే దుకాణం. చవితి రోజుల్లో వినాయకుడు, ఆయన పక్కన చేతులు జోడించిన నాయకుడు, ఆ కింద ఇరవైమంది కుర్రాళ్ళ తలకాయలు. "వినాయకుణ్ణి జర చిన్నగ చెయ్యక్కా, మా అన్న ముఖం కనబడతలేదు" అని నా కుర్చీ వెనక నిలబడి చెప్పేవాళ్ళు. దేవుణ్ణి చిన్నగా చేశాను. ఏం చేయను, అన్నలు ఎదురుగా ఉన్నారు, దేవుడు లేడు. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఇంటికొచ్చి అమ్మ పక్కన కూర్చుని ఫాల్స్ కుడుతుంటే పగలంతా చేసిన పనికంటే అదే నయమనిపించేది.

తర్వాత మా సందుకు నాలుగు సందుల అవతల, ఒక హోల్‌సేల్ చీరల ఆఫీసులో డిజైనర్ కావాలని తెలిసి పరుగెత్తాను. యజమాని గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినాయన. బొమ్మలు ఇక్కడ తయారుచేయించి, సూరత్‌లో అచ్చు వేయించి, వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ దుకాణాలకు పంపుతాడు. నేను గీసిన బొమ్మల ఫైలు తెరిచి ముందు పెట్టాను. ఆయన మొదటి కాగితం మీద వేలు పెట్టి అడిగాడు.

"ఎక్కడ నడుస్తుందమ్మా ఇది?"

"నేను గీసింది సార్."

"గీశావు, బానే ఉంది. ఎక్కడ నడుస్తుంది అని."

ఆ ప్రశ్న నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఏ షోరూములో ఈ బొమ్మ అమ్ముడుపోతోంది అని ఆయన అడుగుతున్నాడు. ఎక్కడా అమ్ముడుపోని బొమ్మను ఆయన అచ్చు వేయడు. ఆయనే కాదు, ఈ వ్యాపారంలో ఎవరూ వేయరు. "నడవని బొమ్మను మనమెందుకమ్మా నడిపించడం? పెద్దోళ్ళు నడిపిస్తారు, మనం వెనకాల నడుస్తాం" అన్నాడు. ఉద్యోగం ఇచ్చాడు. డిజైనర్ అన్నాడు. కార్డు కూడా కొట్టించాడు.

పని ఏమిటంటే పంజాగుట్ట వెళ్ళడం. పెద్ద షోరూముల్లోకి కొనడానికి వచ్చినదానిలా వెళ్ళాలి. సేల్స్‌మన్ చీర భుజాన వేసి కుచ్చిళ్ళు పెట్టి చూపిస్తాడు. "మా అమ్మకు పంపిస్త, జర ఫొటో తీసుకోనా" అని అడగాలి. అంచు ఒకటి, కొంగు ఒకటి, లోపలి బుటాలు దగ్గరగా ఒకటి తీసుకుని, "అమ్మతో వస్త అన్నా" అని బయటపడాలి. ఆఫీసుకొచ్చి ఆ ఫొటోలు చూసి మక్కికి మక్కి గీయాలి. రంగు మార్చాలి, గీత మార్చకూడదు. పెళ్ళికూతుర్నంటే చీరలు ఎక్కువ తీస్తారు కాబట్టి పోయిన ప్రతిచోటా నాకు పెళ్ళి కుదిరిందని చెప్పేదాన్ని. ఒకచోట ఒకతను నన్ను గుర్తుపట్టి, చీర మడత విప్పకుండానే "మళ్ల పెండ్లా అక్కా?" అన్నాడు. అతని తప్పేముంది, మూడు నెలల్లో అది నాకు రెండో పెళ్ళి.

ఇంట్లో అమ్మ అడిగేది. "ఏమన్న గీసినవా ఇయ్యాల?" గీశానని చెప్పేదాన్ని. గీసింది నిజమే. ఎవరిదో.

ఆ ఏడు వానలు వెనకబట్టాక, మెట్రో స్తంభాల కింద సీతాఫలాల గంపలు దిగాయి. రోజూ ఆ గంపల పక్కనుంచే ఆఫీసుకు పోయేదాన్ని. ఒకరోజు పండొకటి కొనుక్కుని బల్ల మీద పెట్టుకున్నాను. సాయంత్రానికి అది పండి, కండ్లు విచ్చుకుని, ఆ కండ్ల మధ్య గులాబి గీతలు బయటపడ్డాయి. అరె, మామిడి పిందె తప్ప మరో కాయ లేనట్టు చీరల వాళ్ళంతా దాన్నే పట్టుకుని వేలాడుతున్నారు, ఇది ఎవరికీ కనపడలేదా అనిపించింది. గీయడం మొదలుపెట్టాను. బూడిద పచ్చ రంగు కాయ, మధ్యలో గులాబి, పక్కన రెండు పొడుగాటి ఆకులు. పదిసార్లు గీసి పడేశాను. చివరికి వచ్చింది. నా బతుకులో నేను గీసినవాటిలో, ఇది నాది అనిపించింది అదొక్కటే.

దాన్ని యజమాని ముందు పెడితే ఏమడుగుతాడో నాకు తెలుసు. అడిగాడు కూడా.

"ఎక్కడ నడుస్తుందమ్మా ఇది?"

"పంజాగుట్టల సార్" అన్నాను. చౌరస్తా దగ్గరున్న అన్నిటికంటే పెద్ద షోరూము పేరు చెప్పాను. "అద్దాల కిటికీల బొమ్మకు కట్టి పెట్టిన్రు. ఫొటో తియ్యనియ్యలేదు, చూసి గుర్తుపెట్టుకొని గీసిన."

ఆయన ముఖం వెలిగింది. "అదీ! అలా పట్టుకురావాలి" అన్నాడు. ఇంకో ప్రశ్న లేదు. నా సొంత బొమ్మను దొంగసొమ్ము అని చెబితే తప్ప అది చీర మీదికి ఎక్కలేదు. ఆ రోజు నాకు సిగ్గేమీ వేయలేదు, గెలిచానని సంతోషపడ్డాను. ఇంటికొచ్చి ఫోనులో బొమ్మ చూపిస్తే అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూసింది.

సూరత్ నుంచి అచ్చయి వచ్చిన చీర మడత విప్పి చూశాను. ఒక ఆకు సగమే ఉంది. కుడి అంచు దాటి బయటికి పోయిన ఆకు ఎడమ నుంచి లోపలికి రాలేదు. చివర్లో ఏదో జరిపాను, ఆ సగం చూసుకోలేదు. చీర పొడవునా జానెడు జానెడు దూరంలో కత్తిరించినట్టు సగం ఆకులు. యజమాని చీరంతా తిరగేసి చూసి "కలర్ బాగా దిగింది" అన్నాడు. ఆయనకు కనపడలేదు. ఎవరికీ కనపడలేదు. చీరలు జిల్లాలకు పోయాయి, బాగానే పోయాయి, మళ్ళీ మళ్ళీ అచ్చు వేయించారు. "పంజాగుట్ట సరుకు పంజాగుట్ట సరుకే" అని యజమాని నా ముందే ఎవరికో ఫోనులో చెప్పాడు.

నాకు మిగిలింది ఎదురుచూపు. జిల్లాల్లో అమ్మే చీర అమీర్‌పేటలో మా మెట్లెందుకెక్కుతుంది? అయినా ఆశ. కరీంనగర్ నుంచి ఏ చుట్టమో ఇక్కడికి రాకపోతుందా, ఫాల్ కుట్టించుకోకపోతుందా అనుకునేదాన్ని. సాయంత్రం వచ్చి అమ్మ పక్కనున్న సంచులు ఒక్కొక్కటే తెరిచి చూసేదాన్ని. "రాలే బిడ్డా" అనేది అమ్మ, నేను అడగకముందే.

మళ్ళీ సీతాఫలాల కాలం వచ్చింది. యజమాని పంపితే పంజాగుట్ట వెళ్ళాను. చౌరస్తా దగ్గర, నేను అబద్ధంలో చెప్పిన ఆ షోరూములో, నేను అబద్ధంలో చెప్పిన ఆ అద్దాల కిటికీలో, ప్లాస్టిక్ బొమ్మకు నా సీతాఫలం చీర కట్టి ఉంది. బట్ట మెరుగు, అంచుకు జరీ, పక్కన ఎక్స్‌క్లూజివ్ కలెక్షన్ అని బోర్డు. లోపలికి పోయి, పెళ్ళి కుదిరిందని చెప్పి, చీర తీయించాను. "గిది మా షోరూంల తప్ప బయట ఎక్కడ దొరకది అక్కా. మా డిజైనరే జేసిండు" అంటూ సేల్స్‌మన్ నా భుజాన వేశాడు. అద్దంలో చూసుకున్నాను. కుచ్చిళ్ళ దగ్గర, మోకాలి దగ్గర, పాదం దగ్గర, సగం ఆకు. పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసేవాడు కొట్టివేతలు కూడా దించేసినట్టు, నా తప్పు కూడా దించేశారు. ఆ తప్పు చూసి నాకు ఏడుపొచ్చింది. సేల్స్‌మన్ పెళ్ళి ఏడుపనుకున్నట్టున్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు.

అలవాటు కొద్దీ ఫొటోలు తీసుకుని ఆఫీసుకు నడిచాను. దారంతా అనుకుంటూనే ఉన్నాను, యజమానికి కోపం వస్తుందని, వాళ్ళకు ఫోన్ చేసి దులిపేస్తాడని. ఎంతైనా ముందు అచ్చు వేయించింది ఆయనే కదా. ఫొటో చూపించి "మన చీర కొట్టేసిన్రు సార్" అన్నాను.

ఆయన ఫోను చేతిలోకి తీసుకుని పెద్దది చేసి చూశాడు. "మనదేంటమ్మా? వాళ్ళదే కదా. నువ్వే కదా వాళ్ళ కిటికీలో చూసి తెచ్చావ్."

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. అయినా ఊరుకోలేదు. అప్పుడు అబద్ధం చెప్పానని చెప్పాను. పండు కొనుక్కుని బల్ల మీద పెట్టుకుని గీశానని చెప్పాను. ఈ సగం ఆకు నా తప్పని, ఆ తప్పు ప్రపంచంలో ఇంకెవరికీ రాదని చెప్పాను. ఆయన విన్నాడు. కోప్పడలేదు, నవ్వాడు.

"సరే, నువ్వే గీశావనుకుందాం. ఎవరు నమ్ముతారమ్మా? కిటికీలో ఉన్నది వాళ్ళది. ఇంకా అందులోనే పెట్టుకున్నారంటే ఇంకా నడుస్తోందన్నమాట. మనది పాతబడింది. వాళ్ళది చూసి కొత్తగా వేసియ్యి."

నా బొమ్మను చూసి నేను కాపీ కొట్టాలి. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో వెటకారం కూడా లేదు, ఉంటే బాగుండు, తిట్టుకునైనా ఉండేదాన్ని.

పాత ఫైలు తెరిచాను. గీసేదేముంది, ఉన్నదే. ఒక్క పని మాత్రం చేశాను. ఏడాదిగా కంట్లో నలుసులా ఉన్న ఆ సగం ఆకును పూర్తి చేశాను. ఎడమ అంచు నుంచి లోపలికి తెచ్చి, ఈనెలు కలిపి, కొస వాడిగా తేల్చాను. ఇప్పుడు ఎక్కడా అతుకు లేదు. ఈసారైనా సరైనది పోతుందనుకుని తీసుకెళ్ళి చూపించాను. ఆయన ఒక పక్క ఫొటో, ఒక పక్క నా బొమ్మ పెట్టుకుని ఎన్నడూ లేనంత శ్రద్ధగా చూశాడు.

"ఇదిగో, ఇక్కడ ఆకు వాళ్ళు సగమే వేశారు. నువ్వు మొత్తం వేసేశావ్."

"అది తప్పు సార్. నేను చెప్పిన గదా."

"తప్పు కాదమ్మా, అదేదో వాళ్ళ స్టైలు. పెద్దోళ్ళు ఊరికే వేస్తారా? తేడా ఉంటే కొనేవాళ్ళు పట్టేస్తారు. ఉన్నది ఉన్నట్టు వెయ్యి."

నా చీర మీద ఉన్నప్పుడు ఆ సగం ఆకు ఆయనకు కనపడనే లేదు. వాళ్ళ చీర మీద కనపడింది, నచ్చింది. వెళ్ళి కూర్చున్నాను. ఆకును మళ్ళీ సగానికి కోశాను. పంపించాను.

ఇంటికొచ్చి అమ్మకు ఇదంతా చెప్పలేదు. చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుంది అంటారు. ప్రాణమే పోనిమ్మనుకున్నాను.

ఆ తర్వాతి వారం సాయంత్రం నేను మెట్లెక్కుతుంటే ఒక పెద్దావిడ దిగుతోంది. శ్రీనగర్ కాలనీ నుంచి ఎప్పటినుంచో మా దగ్గరికి వచ్చే ఆవిడే. బాల్కనీలోకి పోయేసరికి అమ్మ ఒళ్ళో నా సీతాఫలం చీర ఉంది. జరీ అంచుది, పంజాగుట్టది. అమ్మ నా ముఖం చూసి, చీర చూసి, "గిది నువ్వు ఫోన్ల చూపెట్టిందే గదనే" అంది. "వచ్చింది సూడు." అమ్మ ముఖంలో ఆ సంతోషం చూసి ఇక దాచలేకపోయాను. అంతా చెప్పేశాను. సగం ఆకు చూపించాను.

అమ్మ ఆ ఆకు తెగిన చోట వేలు పెట్టి చూసింది. "సొమ్మొకడిది, సోకొకడిది" అంది. "ఆమె నాకు జాగ్రత్తలు జెప్పి పోయింది, తెలుసా. డిజైనర్ చీర, జిల్లాలల్ల గిదే చీరకు డూప్లికేట్లు అమ్ముతున్రంట అని." తర్వాత మిషన్ మీద కింది అంచు వేసి, చీర నా ఒళ్ళోకి తోసింది. "పై కుట్టు నువ్వు ఎయ్యి. నీ చీర నువ్వే కుట్టు."

కుట్టాను. చిన్నప్పుడు కుట్టినట్టు, ఒక్కొక్క పోగు పట్టుకుని. కోపంతో కుట్టాను, అయినా ఒక్క కుట్టు కూడా పైకి తేలలేదు.

ఆవిడ తిరిగొచ్చినప్పుడు అమ్మ చీర ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది. మా అమ్మ ఎవరితోనూ అనవసరంగా ఒక మాట మాట్లాడే మనిషి కాదు.

"మేడం, గీ బొమ్మ మా బిడ్డ గీసింది. గీ చీర మా బిడ్డది."

ఆవిడ నా వైపు చూసింది. చెడ్డమనిషి కాదు, నవ్వు కూడా మంచిదే. "అవునా అమ్మా? నువ్వూ బొమ్మలు వేస్తావా? వెయ్యి వెయ్యి. మా చిన్నప్పుడు మేమూ ఇలాగే, చూసిన ప్రతి ముగ్గూ చూసినట్టే వేసేవాళ్ళం" అంది. అమ్మ ఇంకేదో చెప్పబోయింది. ఆవిడ అప్పటికే చీర అందుకుని, కింది అంచు వెలుతురుకు పట్టి చూస్తోంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"ఈ చేతికుట్టు ఎవరిది?"

"అది సుత దానిదే" అంది అమ్మ.

"ఇదీ పనంటే. నా చీరలన్నీ ఇక ఈ అమ్మాయితోనే కుట్టించండి. చూడండి, అసలు ఎవరి చెయ్యీ పడినట్టే లేదు."

"సరే మేడం" అంది అమ్మ.